చిన్న తెరచాప పడవలో లంగరు ఎక్కడ పెట్టాలి, ఎలా సిద్ధంగా ఉంచాలి?

కొత్తతెరచాప
ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నాది 5.5 మీటర్ల పడవ. చిన్న క్యాబిన్, పైకి ఎత్తుకునే కీల్ (అడుగున నీళ్లలోకి దిగే పలక), వెనకాల చిన్న మోటారు. తెరచాప పట్టి ఏడాది దాటింది. లంగరు మాత్రం ఇంతవరకూ నాలుగైదు సార్లు వేశానంతే. దాని గురించి తీరిగ్గా ఎప్పుడూ ఆలోచించలేదు.

నిన్న సాయంత్రం గాలి ఉన్నట్టుండి పడిపోయింది. మోటారు ఎన్నిసార్లు తాడు లాగినా అందుకోలేదు. నీటి వాలు మమ్మల్ని మెల్లగా రాతి గట్టు వైపు తీసుకుపోతోంది. లంగరు ఉంది, కానీ క్యాబిన్‌లో పరుపు కింద, దాని మీద సామాన్ల సంచులు. అవన్నీ పక్కకు పడేసి బయటికి లాగితే తాడంతా చిక్కు. నేను చిక్కు తీస్తుంటే తమ్ముడు తెడ్డుతో పడవను ఆపడానికి కిందామీదా పడుతున్నాడు. తాడు విడిపడేసరికి గట్టు పది మీటర్ల దూరం కూడా లేదు. లంగరు పట్టింది, బయటపడ్డాం. నాకు చేతులు వణకడం మాత్రం ఇంటికి వచ్చాకే మొదలైంది.

ఉన్న సరంజామా ఇదీ: 4 కిలోల డాన్‌ఫర్త్ రకం లంగరు, అంటే రెండు పలకలు మడతపడేది. 2 మీటర్ల గొలుసు. 30 మీటర్ల తాడు. ముందు డెక్ మీద ఒకే ఒక క్లీట్, అంటే తాడు చుట్టి కట్టే కొమ్ముల బిళ్ల. దాని వెనక మూత ఉన్న చిన్న అర ఉంది, అందులో ఇప్పుడు పాత తాళ్లు పెట్టాను. లంగరు తాడు దొర్లే రోలర్ లేదు. దీన్నంతా ఎలా అమర్చుకోవాలి? మళ్లీ అలాంటి సాయంత్రం వస్తే అర నిమిషంలో లంగరు నీళ్లలో ఉండాలి.

సరంగు_63
ఆదివారం, రాత్రి 10:05

ఇద్దరూ క్షేమం, అది చాలు తమ్ముడూ. మోటారు ఉన్నా తెరచాప ఉన్నా పడవకు బ్రేకు లంగరే. అది పరుపు కింద ఉంటే బ్రేకు లేనట్టే లెక్క. సర్దిపెట్టడమంటే వేయడంలో సగం పని ముందే చేసిపెట్టుకోవడం. ఒక చేత్తో తీసి వెంటనే వదిలేలా ఉండాలి, అలల్లో పడవ ఎంత ఊగినా దానంతట అది మాత్రం జారిపోకూడదు. ఈ రెండూ కుదిరితే ఏ చోటైనా మంచిదే.

ముందు మొత్తం ఒడ్డుకు తెచ్చి నేల మీద పరుచు. తాడు ఒక కొస నుంచి ఇంకో కొస దాకా చేతి వేళ్ల మధ్య నుంచి పోనివ్వు. ఎక్కడ నలిగిందో, ఎక్కడ పీచు లేచిందో కంటికన్నా వేలికి ముందు తెలుస్తుంది. తర్వాత అది ఏ తాడో తేల్చుకో. చిన్న ముక్క కోసి నీళ్లలో వేయి. మునిగితే నైలాన్ కావచ్చు, పాలిస్టర్ కావచ్చు. తేలితే పాలీప్రొపిలీన్ లాంటిది, అది లంగరుకు పనికిరాదు. నీటి పైన తేలుతూ పక్క పడవ ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది, ఎండకు త్వరగా చివికిపోతుంది కూడా. లంగరుకు కావలసింది నైలాన్. అది సాగుతుంది. అల వచ్చి పడవను వెనక్కి గుంజినప్పుడు ఆ కుదుపును తాడే మింగేస్తుంది, లంగరు దాకా పోనివ్వదు. పాలిస్టర్‌కి ఆ సాగుడు చాలా తక్కువ.

నీ పడవకు 10 మి.మీ. తాడు బలానికి సరిపోతుంది. నేనైతే 12 వాడతాను. తడి చేతులతో లాగేటప్పుడు సన్న తాడు అరచేతిని కోసేస్తుంది.

ఇంకొకటి, చాలామంది మరిచిపోయేది. తాడు రెండో కొస పడవకు కట్టి ఉందా?

కొత్తతెరచాప
ఆదివారం, రాత్రి 10:21

లేదండీ. కొస అలాగే వదిలేసి ఉంది. నిన్న క్లీట్‌కు చుట్టాక గానీ నాకు ఆ సంగతి తట్టలేదు. ఇంకాస్త లోతు ఉంటే తాడు మొత్తం నీళ్లలోకి పోయేదేమో.

సరంగు_63
ఆదివారం, రాత్రి 10:40

పోయేదే. మూడు పడవలకు అలా జరగడం నా కళ్లతో చూశాను. అరలో లోపల గట్టి కొక్కెం ఏదైనా ఉంటే దానికి కట్టు. అయితే లంగరు తాడునే నేరుగా ముడేయకు. కొసకు సన్నని బలమైన తాడు ఒక బారెడు కట్టి, దాన్ని కొక్కేనికి కట్టు. తాడంతా వదిలినా ఆ సన్న తాడు డెక్ మీదికి కనబడేంత పొడవుండాలి. ఎప్పుడైనా పెద్ద పడవ మీదికి వస్తుంటే లంగరు ఎత్తే టైమ్ ఉండదు. కత్తితో ఒక్క కోత కోసి, కొసకు బోయా (నీళ్ల మీద తేలే గుర్తు) కట్టి వదిలేసి వెళ్లిపోవచ్చు. తర్వాత వచ్చి తెచ్చుకోవచ్చు.

గొలుసుకట్టు
సోమవారం, ఉదయం 7:30

గొలుసు గురించి నేను చెబుతాను. 2 మీటర్లు చాలదు. పడవ పొడవెంతో గొలుసు కనీసం అంత ఉండాలని ఒక పాత లెక్క, చిన్న పడవలకు అది బాగానే పనిచేస్తుంది. నీకు 6 మి.మీ. గాల్వనైజ్డ్ (జింకు పూత వేసిన) గొలుసు 5.5 మీటర్లు. మీటరుకు సుమారు 0.8 కిలో తూగుతుంది, అంటే మొత్తం నాలుగున్నర కిలోల లోపే.

గొలుసు ఎందుకంటే, లంగరు కాడను పైకి లాగితే పలకలు ఊడి వస్తాయి, నేల వెంట అడ్డంగా లాగితే ఇంకా లోపలికి దిగుతాయి. గొలుసు బరువు ఆ కాడను కిందికి వంచి ఉంచుతుంది. పైగా అడుగున రాళ్లకూ గవ్వలకూ ఒరుసుకునేది ఆ భాగమే. తాడు అయితే ఒక్క రాత్రిలో తెగిపోవచ్చు.

షాకిల్స్, అంటే పిన్‌తో మూసే U ఆకారపు కొక్కేలు, వాటి దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. గొలుసు కడియంలో పిన్ దూరేంతలో అన్నిటికన్నా పెద్ద సైజు తీసుకో. గాల్వనైజ్డ్ గొలుసుకు గాల్వనైజ్డ్ షాకిల్ వేయి, రెండు రకాల లోహాలు ఉప్పునీళ్లలో కలిస్తే ఒకటి ఇంకోదాన్ని తినేస్తుంది. పిన్ మరకు కాస్త గ్రీజు రాసి పానాతో గట్టిగా బిగించు. తర్వాత పిన్ తలలో ఉన్న రంధ్రంలోంచి సన్న గాల్వనైజ్డ్ తీగ దూర్చి, షాకిల్ వంపు చుట్టూ తిప్పి, రెండు మూడు చుట్లు వేసి మెలిపెట్టు. తీగ కొసల్ని లోపలికి వంచు, లేకపోతే చెయ్యి చీరుకుపోతుంది. ఈ తీగ లేకపోతే రాత్రంతా పడవ ఊగే ఊపుకు పిన్ నెమ్మదిగా తిరిగి ఊడిపోతుంది. పైకి ఎత్తినప్పుడు ఉత్త గొలుసు వస్తుంది.

తాడును గొలుసుకు ముడేయకు. ముడి దగ్గర తాడు బలం చాలా తగ్గిపోతుంది. థింబుల్ (తాడు ఒరుసుకోకుండా లోపల పెట్టే లోహపు గాడి) చుట్టూ పాయలు అల్లించి కన్ను, అంటే ఉచ్చు, వేయించు, దాన్ని షాకిల్‌తో గొలుసుకు తగిలించు. మూడు పాయల తాడైతే ఆ అల్లిక నువ్వే గంటలో నేర్చుకోవచ్చు.

ఎదురుగాలి
సోమవారం, ఉదయం 8:15

గొలుసు మంచిదే, కాదనను. కానీ 5.5 మీటర్ల పడవ ముక్కు మీద లంగరు 4 కిలోలు, గొలుసు నాలుగున్నర, తడిసిన తాడు, దాని మీద లంగరు తీయడానికి వెళ్లిన మనిషి. ఇంత బరువు పడితే ముక్కు దిగిపోయి, ఎదురు అలల్లో గుద్దుకుంటూ నడుస్తుంది. నాది ఇంకా చిన్నది, ఎక్కువగా ఒంటరిగా తిరుగుతాను. చుక్కాని వదిలేసి ముందుకు పాకడం నాకు కుదరదు. నేను కూర్చునే చోట సీటు కింద అరలో పెడతాను.

సరంగు_63
సోమవారం, ఉదయం 8:50

సీటు కింద నుంచి వేసి ఎక్కడ కడతావు? వెనకాలే కట్టేస్తావేమోనని అడుగుతున్నాను. దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు. పడవ వెనక భాగం అడ్డంగా, తక్కువ ఎత్తులో ఉంటుంది, మోటారు బరువు, మన బరువు అక్కడే. వెనక కట్టి లంగరు వేస్తే అల వచ్చి నేరుగా లోపలికి దూకుతుంది. నీటి వాలు గట్టిగా ఉన్న చోట వెనక భాగాన్ని కిందికి లాగి ముంచేస్తుంది. చిన్న పడవలు అలా మునిగి మనుషులు పోయారు. కట్టు ఎప్పుడూ ముందే ఉండాలి.

నీలిగాలి
సోమవారం, మధ్యాహ్నం 1:10

సరంగు గారు చెప్పింది నిజం, ఎదురుగాలి గారి బాధా నిజమే. నేనూ ఒంటరిగానే తిరుగుతాను. నా పద్ధతి చెబుతాను.

ఒడ్డు వదలకముందే, ఆ రోజు ఆగబోయే చోటుకు ఎంత తాడు కావాలో అంత కొలిచి ముందు క్లీట్‌కు కట్టేస్తాను. అక్కడి నుంచి తాడును ముక్కు అంచున తాడు దారి పట్టే గాడి అయిన ఫెయిర్‌లీడ్‌లోంచి బయటికి తీసి, స్తంభాన్ని పట్టుకున్న తీగలకు వెలుపలి నుంచి, రెయిలింగ్ ఉంటే దానికీ వెలుపలి నుంచి, వెనక్కి నా దగ్గరికి తెచ్చుకుంటాను. మధ్యలో ఒకటి రెండు చోట్ల ఉన్ని దారంతో పట్టించి ఉంచుతాను, గట్టిగా లాగితే తెగిపోయే దారం. లంగరు, గొలుసు, మిగిలిన తాడు నా కాళ్ల దగ్గర బకెట్‌లో. చుక్కాని దగ్గర నుంచి కదలకుండా పక్కనుంచి లంగరు దింపుతాను, తాడు వదులుతాను, అది బిగిసేసరికి పడవ తనంతట తానే తిరిగి ముక్కు మీద నిలబడుతుంది. తాడు తీగల లోపలి నుంచి వస్తే మాత్రం అంతా పాడు, అది రెండుసార్లు చూసుకోవాలి.

బకెట్ సంగతి కూడా చెప్పాలి. అడుగున అయిదారు రంధ్రాలు వేశాను, నీళ్లు కారిపోవడానికి. తాడును చుట్టలు చుట్టి పెట్టకండి. మూడు పాయల తాడుకు దాని పురి దానికి ఉంటుంది. చుట్టి పెట్టి ఒక్కసారిగా లాగితే మెలికలు పడి ముద్దగా బయటికి వస్తుంది. నేను కొస నుంచి మొదలుపెట్టి గుప్పెడు గుప్పెడు చొప్పున బకెట్లోకి కుక్కుతాను, ఎలా పడితే అలా. మొదట పోయింది అడుగున ఉంటుంది, చివర పోయింది పైన ఉంటుంది, బయటికి వచ్చేటప్పుడు అదే వరసలో పైనుంచి వస్తుంది. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, చిక్కు మాత్రం పడదు. తాడు పైన గొలుసు, గొలుసు పైన లంగరు. ఇది నేను ఎన్నో ఏళ్లుగా చేస్తున్నాను, ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు.

కొత్తతెరచాప
సోమవారం, రాత్రి 8:30

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. "ఎంత తాడు కావాలో అంత" అన్నారు నీలిగాలి గారు. ఆ లెక్క ఎలా? నాకు లోతు 3 మీటర్లుండే చోట రాత్రి ఆగాలని ఉంది.

సరంగు_63
సోమవారం, రాత్రి 9:15

అందరూ లోతు ఒక్కటే లెక్కేస్తారు, అక్కడే తప్పు. మూడు కలపాలి. వేసే వేళకు నీటి లోతు, ఇంకా ఎక్కబోయే పోటు, నీటి మట్టం నుంచి నీ పడవ ముక్కు ఎత్తు. లోతు 3, పోటు ఇంకా 1.2 ఎక్కుతుంది, ముక్కు 0.8 అనుకుందాం. మొత్తం 5 మీటర్లు. మనుషులు పడవలోనే ఉండి, పగలు, గాలి నెమ్మదిగా ఉంటే దానికి అయిదు రెట్లు, 25 మీటర్లు. రాత్రి నిద్రపోవాలంటే ఏడు రెట్లు, 35. గాలి లేస్తే పది రెట్లు. కాబట్టి నీ 30 మీటర్లతో భోజనం చేయొచ్చు, నిద్రపోలేవు. 50 మీటర్ల తాడు తీసుకో.

వదిలిన తాడుకు పడవ పొడవు కలిపితే వచ్చేంత వ్యాసార్ధంలో పడవ తిరుగుతుందని గుర్తుంచుకో. గాలి తిరిగితే ఒడ్డుకూ పక్క పడవకూ తగలకూడదు. పాటుకు నీళ్లు తీసినప్పుడు ఆ వృత్తంలో ఎక్కడా రాయి బయటపడకూడదు.

గొలుసుకట్టు
సోమవారం, రాత్రి 9:40

ఆ కొలత చీకట్లో తెలియాలంటే తాడు మీద గుర్తులు పెట్టాలి. ప్రతి 5 మీటర్లకూ రంగు దారం పాయల మధ్య నుంచి దూర్చి చుట్టు. 5కి ఒక చుట్టు, 10కి రెండు, అలా పెంచుకుంటూ పో. రంగు రాత్రి కనబడదు, దారం చుట్లు వేలికి తగులుతాయి. టేపు లేకపోతే చేతులు చాచి బారలతో కొలవచ్చు. ఫాదమ్ అనేది కూడా బారే, ఆరడుగులు, 1.83 మీటర్లు.

ఎదురుగాలి
మంగళవారం, ఉదయం 7:55

వేసే పద్ధతి గురించి కూడా రాస్తే బాగుంటుంది, ఎంత బాగా సర్దినా విసిరేస్తే ప్రయోజనం ఉండదు కాబట్టి. జిబ్ (ముందుండే చిన్న తెరచాప) ముందే దించి కట్టెయ్యాలి, ముందు డెక్ ఖాళీగా ఉండాలి. పెద్ద తెరచాపతో గాలికి ఎదురుగా వచ్చి పడవను ఆగనివ్వాలి. ఆగి వెనక్కి జారడం మొదలయ్యాకే లంగరు దింపాలి. విసరకూడదు, చేతులు మార్చుకుంటూ దింపాలి. పడవ ఆగి ఉండగా గొలుసంతా గుమ్మరిస్తే అది లంగరు మీదే కుప్పగా పడి పలకలకు చుట్టుకుంటుంది. అడుగు తగిలాక తాడును కాస్త బిగువుగా ఉంచుతూ వదలాలి. లోతుకు మూడింతలు పోయాక ఒకసారి మెల్లగా ఆపితే గొలుసు తిన్నగా సాగుతుంది, లంగరు సరైన దిక్కుకు తిరుగుతుంది. తర్వాత మిగతాది వదిలి క్లీట్‌కు కట్టాలి.

ఇప్పుడు పెద్ద తెరచాప కింది కర్ర అయిన బూమ్‌ను చేత్తో గాలిలోకి నెట్టి పట్టుకుంటే పడవ వెనక్కి నడిచి లంగరును దిగగొడుతుంది. మోటారు ఉంటే మెల్లగా రివర్స్. అప్పుడు తాడు మీద అరచెయ్యి పెట్టి చూడండి. పట్టిన లంగరు తాడు సాగి, బిగిసి, నిశ్శబ్దంగా ఉంటుంది. జారుతున్న లంగరు అయితే తాడులో గరగరమని ఒక వణుకు, మధ్యమధ్య ఆగి మళ్లీ గుంజుడు. ఒకసారి తెలిస్తే ఇక మర్చిపోరు. ఆ తర్వాత పక్కకు చూసి ఒడ్డు మీద ఒక చెట్టూ దాని వెనక ఒక స్తంభమూ ఒకే గీతలో ఉన్నవి చూసుకుని, పది నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి.

నీటి వాలు గాలికి ఎదురుగా ఉంటే ఇది పనిచేయదు. అప్పుడు పెద్ద తెరచాప దించేసి జిబ్ ఒక్కదానితో వాలుకు ఎదురుగా రావాలి.

మీ డాన్‌ఫర్త్ ఇసుకలో, బురదలో దాని బరువుకు మించి పట్టుకుంటుంది. నాచు దట్టంగా ఉన్న చోట పైపైనే జారుతుంది. గాలి పూర్తిగా తిరిగినప్పుడు ఊడిపోయి మళ్లీ పట్టకపోవచ్చు కూడా. నాగలి రకం ఆ విషయంలో కాస్త నయం. ఆ రకంలో మొదటిదైన సి.క్యూ.ఆర్. ను 1933లో రూపొందించింది జి.ఐ. టేలర్ అనే భౌతిక శాస్త్రవేత్త, నీటి మీద దిగే విమానాల కోసం. విమానంలో బరువు మోయలేరు కదా, తేలికగా ఉండి నేలలోకి దిగేది కావలసి వచ్చింది. మన చిన్న పడవల అవసరమూ సరిగ్గా అదే.

రాత్రిదీపం
మంగళవారం, రాత్రి 10:20

ఇంత చిన్న పడవకు కూడా రాత్రి లంగరు దీపం పెట్టాలా?

నీలిగాలి
మంగళవారం, రాత్రి 10:45

పెట్టండి. పడవలు ఢీకొనకుండా 1972లో చేసిన అంతర్జాతీయ నియమాల్లో 30వ నియమం ప్రకారం లంగరు వేసిన పడవకు పగలు నల్లని బంతి, రాత్రి నాలుగు వైపులా కనబడే తెల్ల దీపం ఉండాలి. 7 మీటర్ల లోపు పడవకు మినహాయింపు ఉంది, కానీ ఇరుకు కాలువలోనో, ఓడల దారిలోనో, లంగరు వేసే చోటో, ఇతర పడవలు మామూలుగా తిరిగే చోటో, వాటి దగ్గరో ఉంటే ఆ మినహాయింపు వర్తించదు. అవన్నీ తీసేస్తే మిగిలే చోట్లు చాలా తక్కువ. నేను ప్రతి రాత్రీ పెడతాను.

కొత్తతెరచాప
మూడు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 6:40

చెప్పినవన్నీ చేశాను, చూసినవి రాస్తాను.

నేల మీద పరిచినప్పుడు లంగరు షాకిల్ పిన్ ఒకటిన్నర చుట్టు వదులుగా ఉంది. తీగ లేదు. ఆ రోజు గట్టు దగ్గర మమ్మల్ని ఆపింది ఆ పిన్నే. దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

ఇంకా పెద్దది క్లీట్ దగ్గర బయటపడింది. డెక్ కింద నుంచి తడిమితే బోల్టులు లేవు, రెండు స్క్రూలు మాత్రమే ఉన్నాయి. అవి తీసేసి నాలుగు బోల్టులు వేయించి, కింద వెడల్పాటి పలక పెట్టించాను. గొలుసు 5.5 మీటర్లు, తాడు 12 మి.మీ. నైలాన్ 50 మీటర్లు. కన్ను అల్లిక నేనే వేశాను, మూడోసారికి నచ్చింది.

చోటు విషయంలో ఇద్దరి మాటా విన్నాను. ముందు అరలోనే పెట్టాను, ఎందుకంటే నాకు తమ్ముడు తోడుంటాడు. పాత తాళ్లూ ఇతర బరువులూ ముందు నుంచి తీసేసి మధ్యకు మార్చాను, ముక్కు ఇప్పుడు ఇదివరకటి కన్నా దిగలేదు. అర అడుగున నీళ్లు పోయే రంధ్రం పూర్తిగా పూడుకుపోయి ఉంది, శుభ్రం చేశాను. తాడు కొస నుంచి కుక్కి, పైన గొలుసు, దాని పైన లంగరు. పలకలు టపటప కొట్టుకోకుండా కాడకు ఒక తాడుముక్కతో కట్టాను, లాగితే ఊడిపోయే ముడి. మూతకు ఉన్న తాళం తీసేసి రబ్బరు పట్టీ పెట్టాను. తాడు క్లీట్ పక్క అంచు మీద ఒరుసుకునే చోట పాత గొట్టం ముక్క తొడిగాను.

తమ్ముడితో గడియారం పెట్టి చూశాం. మూత తెరిచిన దగ్గర నుంచి లంగరు అడుగు తగిలేదాకా 20 సెకన్లు.

తీసేటప్పుడే ఒక ఇబ్బంది. బురదలో ఎంత లాగినా రాలేదు, నడుం పట్టేసింది.

సరంగు_63
శనివారం, రాత్రి 8:05

నడుంతో లాగకు. పడవను లంగరు మీదికి తెచ్చుకుని, తాడు నిటారుగా ఉన్నప్పుడు బిగించి క్లీట్‌కు కట్టెయ్యి. తర్వాత ఊరికే కూర్చో. అల వచ్చి ముక్కును ఎత్తిన ప్రతిసారీ నీ బదులు పడవే లాగుతుంది. రెండు మూడు నిమిషాల్లో ఊడుతుంది. తాడు వేళ్ల మధ్య ఉండగా మాత్రం కట్టకు. రాళ్లున్న చోటైతే ముందే లంగరు తల దగ్గర వేరే సన్న తాడు కట్టి, పైన చిన్న బోయా వదులు. ఇరుక్కుంటే ఆ తాడుతో వెనక్కి లాగొచ్చు. పైకి వచ్చాక నీటి మట్టం దగ్గర నాలుగుసార్లు ముంచి ఆడించు, బురద అక్కడే పోతుంది. ఇంటికి వచ్చాక మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, అప్పుడు అరలో పెట్టు.

గొలుసుకట్టు
శనివారం, రాత్రి 8:30

మొదటి రాత్రి గడిపాక షాకిల్ తీగ ఒకసారి చూసి చెప్పు. కొత్త తీగ మొదటి ఊపుకు కాస్త వదులవుతుంది.

కొత్తతెరచాప
మరుసటి ఆదివారం, ఉదయం 7:20

నిన్న రాత్రి 3 మీటర్ల చోట ఆగాం, 35 మీటర్లు వదిలాం. దీపం పెట్టాం. అర్ధరాత్రి గాలి తిరిగింది, నాకు మెలకువ వచ్చి ముందుకు వెళ్లి తాడు మీద చెయ్యి పెట్టాను. ఒక నిమిషం గరగరలాడింది, ఆగింది, మళ్లీ బిగిసింది. డాన్‌ఫర్త్ తిరిగి పట్టుకున్నట్టుంది. ఒడ్డు మీద రెండు దీపాలు ఒకే గీతలో చూసుకుని, గంటసేపు కూర్చుని, అవి కదల్లేదని తేలాకే పడుకున్నాను.

పొద్దున్నే తీగ చూశాను. ఒక మెలిక వదులైంది, మళ్లీ బిగించాను. తమ్ముడు ఇప్పుడు ముందు డెక్ మీద తాడు అరలోకి కుక్కుతున్నాడు.